జూలై మంచుకు ముందుజాగ్రత్త

సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరి మంచు తొలగింపు కార్యాలయం ఏడాదిలో ఒక్క క్షణం కూడా ఆగదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఏ వీధిలో మంచు ఎత్తారో ప్రజలకు చెప్పడానికి అక్కడ రెండు సర్వర్లున్నాయి. ఒకటి పనిచేస్తుంది. అదెప్పుడు చస్తుందా అని రెండోది ఎనిమిదేళ్ళుగా చల్లని గదిలో కూర్చుని ఎదురుచూస్తోంది. రెండింటికీ కలిపి ఒకటే ఊహా చిరునామా, వర్చువల్ ఐపీ. ఏది బతికుంటే దానిది.

జూలై నెల, శుక్రవారం. ఆ చిరునామాలో ఒక్క అంకె మార్చాలి. నాలుగింటికి పాత నంబరు రద్దవుతుంది. మార్చవలసింది లోర్నా. ఆమెకు పెళ్ళయి పన్నెండు రోజులు. పని కాగానే వారం సెలవు. కింద కారు మీద పడవ కట్టుకుని భర్త ఈరో నిలబడ్డాడు. ఆ పడవకు చుట్టిన ఎర్రతాడు కూడా ఆమెకు ముద్దొస్తోంది.

"సర్వరు ఒక్క క్షణం ఆగుతుందండీ, అంతే," అంది, ఏ మార్పుకైనా అనుమతివ్వవలసిన మార్పుల సంఘం ముందు.

"ఆ క్షణంలో మంచు పడితే?" అన్నారు అధ్యక్షులు గోర్డన్ గారు.

"జూలై కదండీ!"

"అమ్మాయ్, ప్రజాసేవకు రుతువులుండవు!"

సభ్యులు బల్లలు చరిచారు. ఆకాశాన్ని పరిశీలించడానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు. వారు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. దరఖాస్తులో 'మార్చే వస్తువు ఎక్కడుంది?' అన్నచోట లోర్నా 'ఎక్కడా లేదు' అని రాసింది. వెంటనే భవనాల శాఖ వారు వచ్చి, అది లేదని ధ్రువీకరించి, కొలతలు తీసుకుని వెళ్ళారు.

మూడూ యాభైకి ఈరో ఫోను చేశాడు. "ఏమోయ్, దోమలు నాకంటే ముందే పడవెక్కేశాయి. నువ్వొస్తావా, వాటితోనే వెళ్ళిపోనా?"

"వాటికి వంట రాదు, ఆగు!"

అంతలో అధ్యక్షులకు చివరి ప్రశ్న కనబడింది. "మార్పు మధ్యలో నువ్వు స్పృహతప్పితే రెండో మనిషెవరు?"

"ఎవరూ లేరండీ. ఆరేళ్ళుగా అడుగుతున్నాను."

"రెండో యంత్రం కొనిచ్చాం కదమ్మా!"

ఒక నిమిషం మిగిలుండగా సంతకం పడింది. లోర్నా మీట నొక్కింది. ఒక్క క్షణం. ఊళ్ళో కుక్క కూడా మొరగలేదు. ఈ మహాకార్యానికి సంఘం తనను తాను అభినందించుకుని, ఆమె సెలవు మంజూరు చేసింది. రెండో లోర్నా లేనందున మొదటి లోర్నా నిరంతరం అందుబాటులో ఉండవలెనని షరతు.

ఆదివారం సరస్సు నడిమధ్య ఈరో తెడ్డు వదిలి, ముద్దు పెట్టబోయాడు. ఫోను మోగింది.

"ఏం లేదమ్మా, అందుబాటులో ఉన్నావో లేదో చూస్తున్నాం."

"ఉన్నానండీ," అంది లోర్నా, లేచి నిలబడి. పడవ బోల్తాపడింది.

మీరు నవ్వండి, ఫరవాలేదు. పోయిన పండక్కి మీరు పులిహోర చేత్తోనే వీధిలోకి పరుగెత్తి, "చెప్పండి సార్, ఖాళీగానే ఉన్నాను సార్" అన్నది మేము విన్నాం.