సగటు తల

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ ప్రజల మెదళ్ళను బాగుచేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. మంత్రి చెన్నప్పగారు ఛాంపియన్ రీఫ్ మైదానంలో ఈ సంగతి ప్రకటించినప్పుడు ముందు వరసలో కూర్చుని రాసుకున్న విలేకరిని నేనే. మా మెదళ్ళు పాడయ్యాయని అంతవరకూ మాకు తెలియదు. ఆ లోటు కూడా ఆయనే తీర్చారు.

"గనులు మూసినారు. సరే. మనిషి తలలోనే ఒక గని ఉండాది. దాన్ని తవ్వేది మా ప్రభుత్వం," అన్నారు.

పథకం పేరు మనశ్శాంతి మిషన్. గని కార్మికుల పాత లైను ఇళ్ళలో ఉండేవాళ్ళు పొద్దున్నే మైదానానికి వచ్చి, కళ్ళు మూసుకుని గంటసేపు 'ఊఁ' అనాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి స్కానింగ్ లారీ వచ్చి మెదడు ఫోటో తీస్తుంది.

"శాంతి ఎంత పెరిగిందో మేము చెప్పము. సైన్సు చెప్తాది," అన్నారు మంత్రిగారు. తన పథకం గొప్పదని ఇంకొకరిచేత చెప్పించుకునే వినయం ఈ కాలంలో ఎందరికుంటుంది?

రోజూ రైలెక్కి బెంగళూరు పోయి పెయింటు పని చేసే పీటర్‌కు అప్పటికి చాలా రోజులుగా తలనొప్పి. మొదటి స్కానుకు ఆయనే వెళ్ళాడు. లారీలో కుర్చీలో ఉన్నాయన తెర వైపు చూసి, పక్కాయన్ని పిలిచి చూపించి, "ఏదో మచ్చ ఉండాది, పెద్ద డాక్టరు చెప్తారు" అని పంపించేశాడు. ఆ రోజు నుంచి పీటర్ భార్య ఎస్తరమ్మ పెద్ద డాక్టరు కోసం తిరుగుతూనే ఉంది.

పెద్ద డాక్టరు అంటే మిషన్ డైరెక్టర్ మోహన్‌కుమార్‌గారు. మూడు స్కాన్లూ అయ్యాక ఆమె గెస్ట్‌హౌస్‌కు వెళ్ళేసరికి ఆయన మంత్రిగారితో కలిసి స్కాన్ల లెక్కలు ఏ టెస్టుతో తేల్చాలో ఎంచుకుంటున్నారు. నేనూ అక్కడే ఉన్నాను, టిఫిన్ బాగుంటుందని.

"ముందు, మధ్య, తర్వాత అని, వేరేవేరే మనుషులన్నట్టు మూడు గుంపులుగా చూస్తే ఏమీ తేలడం లేదు సర్," అన్నారు డైరెక్టర్‌గారు.

"తేలాల," అన్నారు మంత్రిగారు.

"ఒకే మనిషిని మూడుసార్లు చూశాం కాబట్టి రిపీటెడ్ మెజర్స్ అని దానికి వేరే టెస్టు ఉంది. ఎవరి తలను వాళ్ళ తలతోనే పోల్చాలి. న్యాయంగా అదే చేయాలి."

"న్యాయంగానే చేయప్పా. తేలుతాదా?"

"కొంచెం తేలింది. ఇంకా తేలాలంటే కరెక్షన్ తీసేయాలి. మెదడు ఫోటోలో లక్ష చుక్కలుంటే లక్ష చోట్లా వెతుకుతాం. ఎక్కడో ఒకచోట ఊరికే మెరుస్తుంది. అలా ఊరికే మెరిసేవాటిని ఏరిపారేసేదే కరెక్షన్."

మంత్రిగారికి బాధ కలిగింది. "మెరిసేదాన్ని పారేస్తారా? మా తాత కాలంలో అట్ల పారేసుంటే ఈ ఊరే ఉండేది కాదు. తీసెయ్యి."

తీసేశారు. నేను చూస్తుండగానే సైన్సు ఒక అడుగు ముందుకు పడింది.

తలుపు దగ్గర నిలబడిన ఎస్తరమ్మ అడిగింది. "సార్, మా ఆయన తలలో మచ్చ ఏందో చెప్తారా?"

"అమ్మా, మాది గ్రూప్ లెవెల్ స్టడీ. ఒక్క మనిషి గురించి చెప్తే అది సైన్సు అనిపించుకోదు."

"నాకు సైన్సు వద్దు సార్. తెల్లారితే ఆయనకి వాంతులు. ఆ ఫోటో ఇస్తే కోలారు ఆసుపత్రిలో చూపించుకుంటాను."

ఇంత పెద్ద పని జరుగుతుంటే ఒక్క తల కోసం పట్టుపట్టే ఈ మనిషిని చూస్తే నాకే ఒళ్ళు మండింది. డైరెక్టర్‌గారు మాత్రం ఓపిగ్గా కంప్యూటర్‌లో వెతికారు. వెతికి, లేచి నిలబడ్డారు.

"మొదటిసారి మచ్చ ఉంది సర్. రెండోసారికి లేదు. మూడోసారికీ లేదు."

"ఊఁ అంటే పోయిందా?" అన్నారు మంత్రిగారు, కుర్చీ అంచుకు జరిగి. "పీటర్‌కి సన్మానం పెట్టండి."

ఎస్తరమ్మ ఏదో చెప్పబోయింది. సన్మానానికి ఎవరెవరిని పిలవాలో మాట్లాడుకునే సందట్లో ఎవరూ వినలేదు.

సన్మానం రోజు మైదానం నిండిపోయింది. పీటర్ పేరు పిలవగానే వేదికెక్కిన మనిషికి మంత్రిగారు శాలువా కప్పి, మైకు అందించారు. "చెప్పప్పా, ఇప్పుడు తల ఎట్లుండాది?"

"నాకు ఎప్పుడూ బాగానే ఉండాది సార్. నొప్పి మా అన్నకి."

"నువ్వెవరు?"

"జెరాల్డ్, సార్. అన్న లేవలేకుండాడు. ఇంటి వంతు పోగొట్టుకోకూడదని వచ్చినాను. రెండో స్కానుకూ నేనే వచ్చినాను. మూడోదానికి వదిన వచ్చింది."

మా లైన్లలో కంటి క్యాంపు వచ్చినా, దోమతెరలు పంచినా అంతే. ఇంటి నంబరు పిలుస్తారు, ఆ పూట ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు పోయి నిలబడతారు. మా ఇంట్లో మా అత్త, మా ఇంట్లో చిన్నోడు అని జనం కూడా చెప్పడం మొదలుపెట్టారు.

డైరెక్టర్‌గారు మంత్రిగారి చెవి దగ్గర వంగారు. "ఒకే తల కాదు సర్. మనం పెట్టిన టెస్టు చెల్లదు."

"వేరేవేరే మనుషులకి టెస్టు లేదా?"

"ఉంది. దాంట్లోనే ఏమీ తేలలేదు."

మంత్రిగారు ఎక్కువసేపు ఆలోచించలేదు. మైకు తీసుకున్నారు.

"చూసినారా? ఇంట్లో ఒకరు ఊఁ అంటే మిగతావాళ్ళ మెదళ్ళు కూడా బాగైనాయి. ఇట్లాంటిది ప్రపంచంలో యాడా లేదు."

చప్పట్లు. నా హెడ్డింగ్ నాకు దొరికింది.

వేదిక వెనకాల ఎస్తరమ్మ డైరెక్టర్‌గారిని పట్టుకుంది. "మొదటిసారి తీసిన ఫోటో ఇచ్చెయ్యండి సార్. ఇంగేమీ అడగను."

"విడి ఫోటోలు ఇప్పుడు లేవమ్మా. మొన్ననే అన్ని తలలూ కలిపి సగటు కట్టేశాం, చోటు చాలక మిగతావి చెరిపేశాం," అని ఆయన నిజంగానే బాధపడి, ఆ సగటు తల ఫిల్మునే పెద్ద కవరులో పెట్టి, మిషన్ ముద్ర వేయించి ఇచ్చారు. అంత పెద్ద ఆఫీసరు స్వయంగా ఇవ్వడం మామూలు విషయం కాదు.

మర్నాడు పీటర్‌ను కోలారు తీసుకువెళ్ళారు. విజయగాథ రాద్దామని నేనూ బస్సెక్కాను. డాక్టరుగారి గదిలో పీటర్ రెండు చేతులతో తల పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. డాక్టరుగారు కవరులోంచి ఫిల్ము తీసి వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"తల చాలా బాగుందమ్మా," అన్నారు. "ఎవరిది?"