పేగుల కదలికల కార్యాలయం

తుంటి ఎముక ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజున భ్రమరాంబ పేగులు పని మానేసి, ఆ సంగతి తెలుపుతూ ఇంటికి పోస్టులో నోటీసు పంపాయి. 'ఎవరూ కదలొద్దని నొప్పి మాత్రగారు చెప్పారు కనుక కదలడం లేదు' అని అందులో ఉంది. చీరాలలో ఇలాంటి నోటీసులు వారానికో ఇరవై వస్తాయి కాబట్టి పోస్ట్‌మ్యాన్ ఆశ్చర్యపోలేదు.

తప్పంతా ఆమె భర్త కోటిలింగానిది. బస్టాండులో ముప్ఫై ఎనిమిదేళ్లు కంట్రోలరుగా చేసి, ఒక్క బస్సునూ నిమిషం ఆలస్యంగా వదలని మనిషి. భార్య మూలిగినా మూలగకపోయినా వాచీ చూసుకుని ఆరు గంటలకోసారి మాత్ర వేశాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, ప్రేమతోనే వేశాడు. ఇప్పుడామె పొట్ట రాయిలా బిగుసుకుపోయింది, ముద్ద దిగడం లేదు. ఆయన నోటీసు పట్టుకుని పేగుల కదలికల కార్యాలయానికి పరుగెత్తాడు.

గుమాస్తా నాగవేణి ఓపిగ్గా చెప్పింది.

"నొప్పి ఇంటికీ పేగుల ఇంటికీ ఒకటే తాళం బాబాయ్ గారూ. మాత్ర దగ్గరున్న తాళంచెవి రెండింటికీ పడుతుంది. అది వెళ్లి 'హుష్' అంటే రెండిళ్లవాళ్లూ పడుకుంటారు. మాత్ర తగ్గిస్తే పేగులు లేస్తాయి. నొప్పీ లేస్తుంది."

"ఆ నొప్పిని ఇంకెక్కడన్నా పెట్టలేమా అమ్మా?"

"పెట్టొచ్చు. భరిస్తామని ఎవరో ఒకరు సంతకం చెయ్యాలి."

ఫారంలో 'నొప్పి భరించువారు' అన్న గడిలో 'ఇల్లాలు' అని ముందే అచ్చయి ఉంది. కోటిలింగం దాన్ని కొట్టేసి తన పేరు రాశాడు. నాగవేణి నొచ్చుకుంది.

"కొట్టివేతలు చెల్లవండీ. ఇన్నేళ్లలో ఆ గడి మార్చమని ఎవరూ అడగలేదు."

ఇంకో ఫారం ఇచ్చింది. అదీ అదే అచ్చు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూలబడి ఏడ్చేశాడాయన. భ్రమరాంబ తల నిమిరింది.

"ఊరుకోండి, చిన్నపిల్లాడిలా ఏంటది! ఇటివ్వండి, సంతకం పెడతా."

"నొప్పి నీకే వస్తుందే, భ్రమరా."

"నాకేమన్నా కొత్తా? నడుంనొప్పితో పాతికేళ్లు రుబ్బురోలు తిప్పా. మీరెప్పుడన్నా నా మూలుగు విన్నారా?"

ఆయన వినలేదు.

మర్నాడు పొద్దున్నే పేగులు డ్యూటీలో చేరాయి. ఆమె రెండు ముద్దలు చారన్నం తింది. పక్కింటివాళ్లొచ్చి మొహం తేటపడిందన్నారు. ఆమె దుప్పటి అంచు గుప్పిట్లో బిగించి నవ్వింది. సాయంత్రానికి కార్యాలయం నుంచి కాగితం వచ్చింది: 'ఫిర్యాదు పరిష్కారమైనది. ఈ ఇంట్లో ఎవరికీ నొప్పి లేదు.'

కోటిలింగం కాగితం మడిచి పక్కన పెట్టాడు. ఆమె పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, పెళ్లయ్యాక మొదటిసారిగా, "ఎక్కడ నొప్పే?" అని అడిగాడు.

"ఎక్కడా లేదండీ," అంది భ్రమరాంబ.