కుట్లకు వదిలిన కిటికీలు

ఆ రోజు ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా సులువైనది. సాయంత్రం బస్సుకు మామగారు దిగేలోగా ఇంటి పాత కిటికీలు, పెరటివైపు అద్దాల తలుపు పీకించేసి, రెండు పొరల అద్దాలతో కొత్తవి బిగించాలి. అవి ఉంటే బయటి చలి లోపలికి రాదు, లోపలి వెచ్చదనం బయటికి పోదు, హీటరుకు పని తగ్గుతుంది. ఈ ముక్క అతను ఆఫీసులో అందరికీ చెప్పాడు. విననివాళ్లకు రెండోసారి కూడా చెప్పాడు.

అసలు బెంగ కరెంటు గురించి కాదు. కిందటేడు మామగారు చలికాలమంతా ఉందామని పెట్టెతో వచ్చి, మర్నాడే కిటికీ వంక గుర్రుగా చూసి, చెవులు రుద్దుకుంటూ వెళ్లిపోయారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషి కారణం చెప్పే రకం కాదు. సందులన్నిటికీ తను ముందే టేపు అంటించి ఉంచినా ఎక్కణ్ణుంచో చలిగాలి దూరి చెవిపోటు తెప్పించిందని అల్లుడే తేల్చేశాడు. భార్య మాత్రం చాలా రోజులు కుట్టుమిషను మీదికి తల వంచుకుని ఏడ్చింది. ఈసారి కూడా వాళ్ల నాన్న వెళ్లిపోతే ఆ ముఖం చూడటం తన వల్ల కాదని గుమాస్తాకు తెలుసు.

అద్దాల మేస్త్రీ చెయ్యి తిరిగిన మనిషి. టీ చల్లారేలోపు కిటికీలూ తలుపూ ఊడదీసి పెరట్లో పడేశాడు. భార్య ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని గుమాస్తా ముందే పిలిపించి ఉంచిన పాతసామాన్లవాడు వాటిని బండికెత్తుకుని వీధి మలుపు తిరిగిపోయాడు. అప్పుడు మేస్త్రీ కొత్త తలుపును గోడకు ఆనించి చూశాడు. వెనక్కి తీశాడు. మళ్లీ ఆనించాడు.

"ఇది పట్టదు సార్. అన్నివైపులా పెద్దదే. కొలతలెవరిచ్చారు?"

"నేనే," అంది భార్య, మెడలో కొలతల టేపుతో. టైలరమ్మగా ఆమెకు వీధి వీధంతా పేరుంది. "సరిగ్గానే ఇచ్చాను. కుట్లకి వదిలాను, అంతే."

"తలుపుకి కుట్లేంటమ్మా?"

"ఎప్పుడూ వదిలేదేగా? రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు."

"గోడ ఒళ్లు చేస్తుందా అమ్మా?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఇంకో అంగుళం కలిపానోయ్. బిగుతుగా ఉంటే గాలి దూరదు కదా అని."

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" అంది భార్య.

"నువ్వు చెప్పావా?"

ఇక గోడను కాస్త చెక్కడం తప్ప దారి లేకపోయింది. "కొంచెమే," అన్నాడు మేస్త్రీ. మొదటి దెబ్బకు పెచ్చు ఊడింది. పెచ్చు వెంట ఒక ఇటుక, ఆ ఇటుక వెంట దాని చుట్టపక్కాలందరూ తరలివచ్చారు. దుమ్ము సర్దుకున్నాక చూస్తే తలుపే చిన్నదైపోయింది.

"అందుకే కాస్త ఎక్కువ వదలాలనేది," అంది భార్య.

సిమెంటుతో రేపొస్తాను, అంతవరకు కిటికీల జోలికి కూడా పోనన్నాడు మేస్త్రీ. అప్పటికే పొద్దు వాలుతోంది, చలి మొదలైంది. భార్యకు పక్క వీధి స్కూలు వాళ్లకని కుట్టి ఉంచిన స్టేజీ తెర కళ్లబడింది. ఎర్రటి మందపాటి మఖమలు, అంచున బంగారు రంగు కుచ్చులు. దాన్ని పెరటివైపు కూలిన గోడకు అడ్డంగా వేలాడదీసి లోపల దీపం వేశారు.

కాసేపటికి పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగిచూసింది. "నాటకం ఎన్నింటికమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కుర్చీ తెచ్చుకుంది. ఆవిణ్ణి చూసి ఎదురింటివాళ్లు, వాళ్లను చూసి దారినపోయేవాళ్లు వచ్చి పెరడంతా నిండిపోయారు. లోపల మరిచిపోయిన సుత్తి వెతుక్కుని, ఒళ్లంతా సున్నంతో మేస్త్రీ తెర పక్కకు తొలగించుకుని బయటికి వచ్చేసరికి జనం చప్పట్లు కొట్టారు. ఆయన కూడా ఏమనుకున్నాడో, ఒక నమస్కారం పెట్టాడు.

సరిగ్గా అప్పుడే పెట్టెతో మామగారు దిగారు. జనాన్ని, తెరను, కూలిన గోడను చూశారు.

"నాన్నా, రేపటికల్లా అన్నీ మూయించేస్తాం, వెళ్లిపోకు," అంది కూతురు ఏడుపు గొంతుతో.

ఆయన నేరుగా తన గదిలోకి నడిచారు. కిటికీ ఉండాల్సిన చోట కుర్చీ వేసుకుని, కుడి మోచెయ్యి బయటికి పెట్టి, చల్లగాలిని గుండెల నిండా పీల్చుకున్నారు.

"ఇన్నాళ్లకి ఇల్లు ఇల్లులా ఉందమ్మా! నా ఉద్యోగమంతా బస్సు కిటికీలో చెయ్యి పెట్టుకునే గడిచింది. పోయినేడు మీ ఆయన అన్నిటికీ టేపులంటించి పెడితే ఊపిరాడలేదు, చెవులు దిబ్బళ్లు పడ్డాయి. చెబితే అల్లుడు నొచ్చుకుంటాడని వెళ్లిపోయాను."

గుమాస్తా గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయాడు. భార్య ఒక కంటితో నవ్వుతూ, ఇంకో కన్ను తుడుచుకుంటూ నాన్న భుజాల మీద దుప్పటి కప్పి, తానూ ఒకటి కప్పుకుని పక్కన కూర్చుంది.

మర్నాడు మేస్త్రీ గోడ కట్టాడు, మిగతా కన్నాలను సరిచేసి తలుపూ కిటికీలూ బిగించాడు. మామగారు చలికాలమంతా ఉన్నారు. ఆయన గదికని తెచ్చిన కిటికీ మాత్రం వరండాలో గోడకు ఆనించి ఉండిపోయింది. ఉన్నమాట చెప్పుకోవాలి, దాని గుండా ఒక్క పిసరు గాలి కూడా లోపలికి రాలేదు.