ఒక మంచి మాట, ఒక లోపం

ఆ ఆదివారం పొద్దున్న కొవ్వూరు వెంకటరాజుగారు కాఫీ గ్లాసు పట్టుకుని వీధరుగు మీద కూర్చునేసరికి ఆయన అనుకున్న పనులు రెండే. ముందురోజు గోదావరి గట్టు మీద తీసిన ఫొటోలకు గ్రూపులో ఎవరేమన్నారో చూసుకోవడం, తర్వాత మనిషిని పిలిచి పెరట్లో కొబ్బరికాయలు దింపించడం. మొదటి పని దగ్గరే రోజంతా గడిచిపోయింది. ఆ కాయలు ఎప్పటికో వాటంతటవే రాలాయి.

గ్రూపు పేరు 'గట్టు మీద కెమెరా'. కొవ్వూరు, నిడదవోలు, రావులపాలెం చుట్టుపక్కల ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లంతా అందులో సభ్యులు. పెట్టింది వెంకటరాజుగారే కాబట్టి పెద్దరికమూ ఆయనదే. ముందురోజు ఫొటోలన్నిటినీ ఒకేసారి గ్రూపులో పడేసినప్పుడు, లాల్చీ జేబులో ఉండగా కెమెరా తనంతట తాను నొక్కుకున్న ఫొటో ఒకటి వాటితోపాటు వెళ్లిపోయింది. అందులో ఉన్నది జేబు లోపలి చీకటి. కింద కుడి మూలన ఆ కెమెరా అన్ని ఫొటోల మీదా వేసే నారింజ రంగు తేదీ. అంతే, ఇంకేమీ లేదు.

దాని కింద 'సూపర్ అండి'లు బారులు తీరి ఉన్నాయి. 'అదిరిందండి' అని ఒకరు, 'ఆ చీకట్లో ఏదో భావం ఉందండి' అని ఇంకొకరు. నిడదవోలులో పుస్తకాల కొట్టు పెట్టుకున్న గణేష్‌బాబు 'ఇలాంటిది మీకే సాధ్యమండి' అన్నాడు.

వెంకటరాజుగారి గుండె జారిపోయింది. ఎందుకంటే ఆయనకు జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. అవతలి ఒడ్డున రాజమండ్రిలో ఏటా జరిగే ఛాయాచిత్ర ప్రదర్శనలో తన ఫొటో ఒకటి గోడకెక్కాలి. అందుకు తగిన ఫొటో తన దగ్గర ఉందనే ఆయన నమ్మకం. తెల్లవారుజామున గోదావరి, నీళ్ల మీద ఒంటరి పడవ, పడవ అంచున కొంగ, వెనక మసక మసగ్గా పాత వంతెన. ఏటా ఆ ఫొటో పంపుతారు, ఏటా అది తిరిగొస్తుంది. 'ఈసారికి తీసుకోలేకపోతున్నాం, మీ కళాభిమానానికి నమస్కారాలు' అని ఒక్క వాక్యం తప్ప కారణం ఏమీ ఉండదు. గ్రూపులో అడిగితే సూపర్ అండి. జేబు లోపలి చీకటి కూడా సూపరే అయితే, ఇన్నాళ్లూ ఆ పడవ ఫొటో గురించి వీళ్లన్న మాటకు విలువేముంది?

"ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి నా ఫొటో ఆ గోడకి వేలాడాలి సంపూర్ణం" అన్నారు భార్యతో.

"వేలాడేది ఫొటోనే కదా, అలాగే కానివ్వండి" అంది సంపూర్ణమ్మ. "ముందు కొబ్బరికాయల మనిషికి ఫోన్ చేయండి."

ఆయన ఫోన్ తీసుకున్న మాట నిజమే గానీ, చేసిన పని వేరు. గ్రూపులో కొత్త నియమం ప్రకటించారు. ఇకనుంచి ఎవరు ఫొటో పెట్టినా తక్కినవాళ్లు ఒక మంచి మాట, ఒక లోపం చెప్పి తీరాలి. మొహమాటం వద్దు, ఉన్నమాట చెబితేనే అందరం బాగుపడతాం అని నొక్కి రాశారు. సాయంత్రానికి గ్రూపులో సగంమంది ఆ ప్రకటన కింద 'సూపర్ అండి' అని రాశారు.

తర్వాత కొన్నాళ్లు గ్రూపులో చడీచప్పుడూ లేదు. లోపం చెప్పించుకోవడానికి ఎవరు మాత్రం ఫొటో పెడతారు? చివరికి రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే సుధాకర్ ధైర్యం చేసి, మార్కెట్లో బారుగా పేర్చిన గెలల ఫొటో పెట్టాడు. ఎవరూ నోరు మెదపలేదు. పెద్దరికం ఉన్నందుకు మొదలుపెట్టక తప్పదు కాబట్టి వెంకటరాజుగారే రాశారు. రంగులు బాగున్నాయి గానీ ఎడమపక్కన లారీ చక్రం అడ్డం వచ్చిందని. 'అలాగేనండి, థాంక్సండి' అని జవాబొచ్చింది. ఎప్పుడూ దాని వెనక వచ్చే దండం బొమ్మలు ఈసారి రాలేదు.

ఆ దండం బొమ్మలు లేకపోవడం వెంకటరాజుగారిని తినేసింది. మధ్యాహ్నం ముద్ద దిగలేదు. నలుగురిలో పట్టుకుని ఒక మనిషిని అంత మాట అనేశానే అని మథనపడిపోయి, మర్నాడు పొద్దున్నే బండి తీసి రావులపాలెం వెళ్లారు. ఏమనుకోవద్దని చెప్పడానికి. తీరా అక్కడ సుధాకర్ అంతకంటే నొచ్చుకున్నాడు. తన లారీ చక్రం మూలంగా పెద్దాయన ఎండన పడి ఇంతదూరం రావలసి వచ్చిందట. భోంచేయకుండా కదలనివ్వలేదు. గుత్తివంకాయ కూర, పెరుగావడలు, వెళ్లేటప్పుడు బండికి కట్టిన చక్కెరకేళీ గెల. వెంకటరాజుగారు ఉబ్బితబ్బిబ్బయి, విస్తరి ముందు ఇద్దరూ కూర్చున్న ఫొటో గ్రూపులో పెట్టి 'విమర్శ మనుషుల్ని దగ్గర చేస్తుంది' అని రాశారు.

కొంప మునిగింది అక్కడే. మావైపు జనానికి రెండు పట్టింపులున్నాయి. నొప్పించే మాట అంటే ఎదురుగా వెళ్లి సర్దిచెప్పాలి. ఇంటికొచ్చిన మనిషిని విస్తరేయకుండా పంపకూడదు. ఈ రెండూ కలిస్తే కొత్త నియమం ఏంటో ఎవరూ చెప్పకుండానే గ్రూపంతటికీ బోధపడింది. లోపం రాయాలి, వాళ్లింటికి వెళ్లాలి, ఏమనుకోవద్దని చెప్పాలి, భోంచేసి రావాలి.

ప్రదర్శనకు పంపాల్సిన గడువు దగ్గరపడుతుండడంతో వెంకటరాజుగారు తన పడవ ఫొటో మళ్లీ గ్రూపులో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. ఈసారి లోపాలు వరదలా వచ్చిపడ్డాయి. ఇంకెవరి ఫొటోకీ రానన్ని వచ్చాయి. ఆయన ఆనందానికి హద్దు లేదు. సంపూర్ణమ్మ చేతి చేపలపులుసు గురించి నిడదవోలు దాకా చెప్పుకుంటారన్న సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

ముందుగా గణేష్‌బాబు, వెలుగు బాగుంది గానీ పడవ కంటికి అడ్డంగా ఉందని రాశాడు. వెంకటరాజుగారు అప్పటికప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని పడవను చెరిపేసి, పాతదాని మీదే భద్రం చేశారు. మర్నాడు గణేష్‌బాబు కాజాల పొట్లంతో దిగాడు. పులుసు రెండోసారి వడ్డించుకున్నాక మెత్తబడి, "నిజం చెప్పాలంటే ఆ పడవేనండి అందం" అన్నాడు.

చెరిపేసిన పడవ తిరిగి రాదు కదా. తర్వాత వచ్చినాయన కొంగను తప్పుపట్టాడు. అదీ పోయింది. ఆ పై ఆదివారం వచ్చిన ఇద్దరూ వంతెన బరువుగా ఉందన్నారు. వంతెన కూడా పోయింది. వచ్చిన ప్రతివాళ్లూ చేతులు కడుక్కునే వేళకి తమ మాట వెనక్కి తీసుకున్నారు. ఫొటోలోంచి పోయినవి మాత్రం ఒక్కటీ వెనక్కి రాలేదు. చివరికి మిగిలినవి ఆకాశం, నీళ్లు, మూలన తేదీ.

సంపూర్ణమ్మకు చింతపండు పిసికి పిసికి చేతులు మండుతున్నాయి. ఒకరోజు గరిటె కింద పెట్టి మొగుడి ఎదురుగా నిలబడింది.

"వాళ్లు లోపాలు వెతికేది మీ ఫొటో కోసం కాదు, నా పులుసు కోసం. అది మీకు తెలియడం లేదా?"

"నీకు కళ గురించి తెలీదు, ఊరుకో" అన్నారాయన.

ఊరుకోలేదు. ఆ సాయంత్రమే తన ఫోన్‌తో గ్రూపులో చేరింది. పాత ఫొటోల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కరినీ వదల్లేదు. అందరికీ ఒక మంచి మాట, ఒక లోపం. గణేష్‌బాబు తీసిన రైలు ఫొటోకి రైలు బాగుంది గానీ దుమ్ముకొట్టుకుపోయినట్టుందని రాసింది. మర్నాడు జరీచీర కట్టుకుని నిడదవోలు బస్సెక్కింది. "ఏమనుకోకు నాయనా, గ్రూపులో నియమం ఉంది కదా" అని గుమ్మంలోనే సర్దిచెప్పి, లోపలికెళ్లి పీట వాల్చుకుంది. ఆ మర్నాడు తాడేపల్లిగూడెం. ఆ తర్వాత తణుకు. రోజుకో ఊరు, రోజుకో విందు. ఇంట్లో వెంకటరాజుగారు ఆవకాయ కలుపుకుని తిన్నారు.

అవతల ఇళ్లలో ఆడవాళ్లకు విషయం అర్థమయ్యాక మగవాళ్లకు చీవాట్లు మొదలయ్యాయి. వారం తిరక్కుండా గ్రూపులో లోపమన్న మాటే మాయమైంది. ఎవరేం పెట్టినా మళ్లీ సూపర్ అండి.

ఇక గడువు ముంచుకొచ్చింది. అందరి సలహాలతో బాగుపడిన ఆ ఆకాశాన్నీ నీళ్లనీ వెంకటరాజుగారు రాజమండ్రి పంపారు. అది తిరిగొచ్చింది. ఆయన కళాభిమానానికి మళ్లీ నమస్కారాలు అందాయి. ఆ రాత్రి ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. పొద్దున లేచి ప్రదర్శన న్యాయనిర్ణేతకు ఒక సందేశం పంపారు. నేనేమీ అనుకోను, నా ఫొటోలో లోపమేంటో ఒక్క మాట చెప్పండి, లేకపోతే నాకు నిద్ర పట్టదు అని.

జవాబు రాలేదు. మనిషే వచ్చాడు. యెహెజ్కేలుగారని, రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చంకన పెట్టుకుని వంతెన దాటి వచ్చారు. రాస్తే నొచ్చుకుంటారేమోనని స్వయంగా వచ్చానన్నారు.

వెంకటరాజుగారికి ఈ పాటికి తత్వం బోధపడింది. విస్తరి వేయించారు, నీళ్లు పెట్టించారు, కానీ వడ్డన ఆపించారు. పులుసు గిన్నె పట్టుకుని సంపూర్ణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. ఈ వ్యవహారం మొదలయ్యాక ఆవిడ మొగుడి పక్షాన నిలబడడం అదే మొదటిసారి.

"ముందు లోపం చెప్పండి మాస్టారూ. తర్వాతే అన్నం."

యెహెజ్కేలుగారు గిన్నె వైపు చూశారు. విస్తరి వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"తేదీ అండి."

"ఏ తేదీ?"

"ఆ మూలన నారింజ రంగులో పడుతుంది చూడండి, అది. ఫొటో మీద ఏ రాతా ఉండకూడదని మా నిబంధనల్లో మొదటిదే అదండి. పైగా మీది ఏ ఏడాది చూసినా రెండువేల ఎనిమిది జనవరి ఒకటే."

"అది కెమెరా వేస్తుంది కదండీ. దాన్ని మనం ముట్టుకోకూడదేమో అనుకున్నాను."

"ఆపేయొచ్చండి. లోపల మీట ఉంటుంది."

"మరి ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా చెప్పలేదేంటండి?"

"అంత చిన్న విషయానికి మీలాంటి పెద్దమనిషిని నొప్పించడం దేనికనండి" అన్నారు యెహెజ్కేలుగారు ఎంతో మర్యాదగా. "ఏటా ఆ పడవ ఫొటో చూసి, ఈసారైనా ఆ తేదీ తీసేసి పంపుతారేమోనని అందరం ఎదురు చూసేవాళ్లమండి. అన్నట్టు ఈసారి పడవేదండి?"

సంపూర్ణమ్మ వచ్చి వడ్డించింది. పెద్ద ముక్కలు మాస్టారికి వేసింది. తల ముక్క మొగుడికి వేసి, ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచింది.

మాస్టారు వెళ్లాక వెంకటరాజుగారు సుధాకర్‌కి ఫోన్ చేసి, నా ఫొటోల మీద తేదీ నువ్వెప్పుడైనా చూశావా అని అడిగారు.

"గ్రూపులో చేరిన రోజే చూశానండి" అన్నాడు సుధాకర్. "అందరం చూశామండి. మీరు ముచ్చటపడి పెట్టుకున్నారేమో, మనకెందుకులే అనుకున్నామండి."

మర్నాడు తెల్లారకముందే ఆయన గట్టు మీదకు వెళ్లారు. మీట నొక్కి తేదీ ఆపేశారు. పడవ అక్కడే ఉంది, వంతెన ఎక్కడికీ పోలేదు, చాలాసేపు నిలబడితే కొంగ కూడా వచ్చి వాలింది. వచ్చే ఏడాదికి ఇక ఢోకా లేదన్న ధైర్యంతో, మచ్చలేని ఆ ఫొటోని గ్రూపులో పెట్టారు. సూపర్ అండిల మధ్య సుధాకర్ ఒక్కడు నియమం గుర్తుపెట్టుకుని నిజాయితీగా రాశాడు.

'చాలా బాగుందండి. మూలన ఆ తేదీ లేకపోవడమే కాస్త వెలితిగా ఉందండి. ఏమనుకోకండి, ఆదివారం స్వయంగా వచ్చి చెబుతాను.'

ఆ కింద సంపూర్ణమ్మ ఏమీ రాయలేదు. సుధాకర్ పాత అరటిగెలల ఫొటో వెతికి పట్టుకుని, గెలలు బాగున్నాయి గానీ కాస్త కుడివైపు ఒరిగాయి నాయనా అని మాత్రం రాసింది.

ఆదివారం మధ్యాహ్నం సుధాకర్ కొవ్వూరులో వాళ్ల గేటు తీసే వేళకి, సంపూర్ణమ్మ రావులపాలెంలో అతని ఇంట్లో పెరుగన్నంలోకి వచ్చింది.