గడియ కోసం ఒంటికాలి యుద్ధం

కుళాయిజలధారాఘోషితమూ, సబ్బునురుగుపరిమళభరితమూ, జారుడునేలభయంకరమూ అయిన స్నానాలగది వాకిట, ఉదయభానుడు మూడో అంతస్తు కిటికీలోంచి తొంగిచూస్తున్న ఒకానొక ఆదివారాన, నలభైయేళ్ళు కుట్టుమిషను తొక్కిన డెబ్బైరెండేళ్ళ వీరాంగన, సూదిబెజ్జభేదిని, చిరుగుసంహారిణి, మిషనమ్మ సాధించిన మహావిజయాన్ని చెవులొగ్గి వినండి.

యుద్ధకారణం ఒక గడియ. రెండు నెలల కిందట ఆ మహాతల్లి లోపల తడినేల మీద జారి, బకెట్టును కౌగిలించుకుని కూలబడింది. ఎముకలు నిలిచాయి గాని పరువు విరిగింది. లోపల గడియ పడి ఉండడంతో తలుపు తీయడానికి అరగంట పట్టింది. ఆ సాయంత్రమే కోడలు స్క్రూడ్రైవరనే ఖడ్గం ధరించి గడియను ఊడపెరికి, వంటింటి సొరుగనే చెరలో పడేసింది. నాటినుంచి మిషనమ్మ స్నానమంటే ఓరగా తెరిచిన తలుపు, బయట కుర్చీలో కోడలు, రెండు నిమిషాలకోసారి "అత్తయ్యా, ఉన్నారా?" అనే పలకరింపు. ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది.

"పెద్దవాళ్ళ డాన్సు క్లాసుకి వెళ్ళండి, పడిపోకుండా కాళ్ళకి పట్టొస్తుందట. పది లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబడితే గడియ మీది," అంది కోడలు.

అంతట ఆ వీరాంగన, "ఓసీ గడియాపహారిణీ! సహస్రపరదాప్రాంతసీవనదీక్షితమైన ఈ పాదద్వయం పది అంకెలకు వణకునా? బందీని తుడిచి సిద్ధముంచుము!" అని గర్జించింది, మనసులో. పైకి మాత్రం, "సరేలే, చూద్దాం," అంది.

క్లాసులో డాన్సు టీచరు ఆగమనగానే అందరూ కాలెత్తి ఆగేవారు. మిషనమ్మ పాదాలు మాత్రం, మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళుగా లేని మిషనును తొక్కుతూ, హాలు పొడవునా కుట్టుకుంటూ పోయేవి.

"మామ్మగారూ, ఆగమన్నానండీ!"

"నేను ఆగానమ్మా, కాళ్ళే ఆగలేదు."

"మిషను తొక్కేటప్పుడు ఎప్పుడు ఆపేవారు?"

"దారం తెగితేనే."

"అయితే తెగిందనుకోండి!"

అనుకుంది. కాళ్ళు టక్కున ఆగాయి. ఆపై ఆరు వారాలు రోజూ దారం తెగుతూనే ఉంది, ఎత్తిన కాలు తడవ తడవకూ కాస్త ఎక్కువసేపు నిలుస్తూనే ఉంది.

ఇక ఆ ఆదివారం. కోడలు లెక్క మొదలెట్టింది. మిషనమ్మ "దారం తెగింది" అని గొణిగి ఎడమకాలు ఎత్తింది. ఐదు దగ్గర మోకాలు వణికింది. ఏడు దగ్గర ఆమె చూపు కోడలి భుజం మీద పడింది. అయ్యో, అక్కడ రెండంగుళాల మేర కుట్టు ఊడి ఉంది! నడుము ఊగింది, చూపుడువేలు దానంతటదే లేచింది.

"అమ్మాయ్, నీ భుజం దగ్గర కుట్టు..."

"ఎనిమిది! అది తర్వాత చూద్దురుగాని, నిలబడండత్తయ్యా! తొమ్మిది!" అంది కోడలు. అత్త గెలవాలని ఆమెకూ ఉంది. "పది!"

దుందుభులు మోగలేదు, పూలవాన కురవలేదు. చెర వీడిన గడియ నాలుగు మరలతో మళ్ళీ సింహాసనమెక్కింది. మిషనమ్మ లోపలికి వెళ్ళి, ముల్లోకాలూ వినేలా దాన్ని ఠక్కున వేసింది. బయట కుర్చీ కిర్రుమంది.

"అత్తయ్యా, ఉన్నారా?"

"నేనున్నాను సరే, నువ్వింకా ఉన్నావేం? పోయి ఆ బట్టలు మార్చుకో, వచ్చి కుట్టేస్తాను."

ఆ విధంగా మూడంగుళాల ఇనుపగడియ సామ్రాజ్యాన్ని తిరిగి జయించిన మిషనమ్మ, రెండు నెలల తర్వాత మొదటిసారి, తీరిగ్గా వీపు రుద్దుకుంది.