ఎల్లప్ప పెనానికి ప్రిపొజిషన్

బ్రిటిషు సామ్రాజ్యం ఫిరంగుల మీద నిలబడి ఉందని చాలామంది భ్రమ. నిజానికి అది మూడు చిన్న మాటల మీద నిలబడి ఉంది: ఇన్, ఆన్, ఎట్. ఈ మహాసత్యాన్ని కనిపెట్టినవారు పుంగనూరులో ఇనుము పర్మిట్ల ఆఫీసు హెడ్‌గుమాస్తా నారాయణస్వామిగారు. 1944లో, యుద్ధం పుణ్యమా అని పర్మిట్టు లేనిదే మేకు కూడా దొరకని రోజుల్లో, ఆయన ఆ సామ్రాజ్యాన్ని ఒంటిచేత్తో కాపాడారు. ఆ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఇంగ్లీషులో అర్జీలు రాసే లక్ష్మయ్యను నేను. కనుక ఆ కాపాడటంలో నాకూ కాస్త వాటా ఉంది.

దసరా వెళ్లిన నెలకు ఒకరోజు ఎల్లప్ప అనే రైతు వచ్చాడు.

“బెల్లం కాచే పెనం పగిలిపాయప్పా. రెండెకరాల చెరుకు కోతకొచ్చుండాది. నెల లోపల కొత్త పెనం చేపిచ్చకుంటే అంతా ఎండి బెండైపోతాది. ఇనుముకు ఒక అర్జీ రాసియ్యి.”

రాశాను. పగిలిన పెనం పొలంలో ఉందని చెప్పడానికి ఇన్ వేశాను. నారాయణస్వామిగారు కళ్ళజోడు సవరించుకుని, ఆ ఇన్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు.

“ఇన్ అంటే నాలుగు పక్కలా హద్దు ఉండాల. ఈయప్ప పెనానికి హద్దు యాడుండాది? తప్పు అర్జీ దొర ముందర పెడితే నా ఉద్యోగం ఉంటుందా, లక్ష్మయ్యా?”

నేను ఇన్ కొట్టేసి ఇంకో మాట వేయబోతుంటే ఎల్లప్ప ఆపాడు.

“మంచి కాగితం యాల పాడు చేస్తావప్పా. హద్దే కదా, నేను కట్టుకుంటా.”

వారం తిరిగేసరికి పెనం చుట్టూ మోకాలెత్తు రాతిగోడ లేచింది. హెడ్‌గుమాస్తాగారు మెచ్చుకున్నారు. అయితే గోడ కట్టాక అది పొలం కాదు, ఆవరణ అవుతుంది కనుక పాత అర్జీ చెల్లదన్నారు. ఆన్ అయితే పరవాలేదట, కానీ పెనం దేని మీదనైనా ఆని ఉండాలట. ఎల్లప్ప గోడ పడగొట్టి, ఆ రాళ్లతోనే అరుగు కట్టి, పెనాన్ని పైకెక్కించాడు. అర్జీ మళ్ళీ తిరిగొచ్చింది. అంత ఎత్తున ఉంటే ఎబవ్ అనే అనుమానం కలుగుతుందట. అండర్‌కు అటువంటి బాధ లేదన్నారు. ఎల్లప్ప పెనం మీద పందిరి వేశాడు.

దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. “ఇప్పుడు అండర్‌లో ఉండాది. పైవారం ఎట్‌కు పోతాది” అని ఎల్లప్ప భార్య మునిరత్నమ్మ వాళ్లకు వివరించేది. చెరుకు మాత్రం ఏ వ్యాకరణమూ తెలియక, కోత అదను దాటి పూత పట్టి ఎండసాగింది.

అంతలో మదనపల్లె నుంచి దొర తనిఖీకి వచ్చాడు. తెలుగు పరీక్ష కొత్తగా ప్యాసైన దొర కావడంతో ఇంగ్లీషు నోట రానిచ్చేవాడు కాడు. నేనూ ఎల్లప్పా ఐదో అర్జీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాం.

“ఇచ్చట ఎన్ని పర్మిట్లు ఇచ్చితిరి?” అన్నాడు దొర.

“ఒక్కటీ లేదు సార్. ఒక్క అర్జీలోనూ ప్రిపొజిషన్ సరిగ్గా లేదు” అన్నారు నారాయణస్వామిగారు.

దొర లేచాడు. ఈయన ఉద్యోగం ఊడిందనుకున్నాను. దొర ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

“మిక్కిలి సంతోషము. దసరా నుండి ఇనుము లేదని మీకు జాబు వ్రాసితిని గదా. తక్కిన ఊళ్లలో జనులు ఆ సంగతి తెలిసి ఆఫీసులపై రాళ్లు రువ్వుచున్నారు. ఇచ్చట ఒక్క ఫిర్యాదు లేదు. మిమ్ములను కుప్పములో పెద్ద ఆఫీసునకు పంపుచున్నాను.”

దొర తెలుగులో మాట్లాడాడు గనుక ఎల్లప్పకు ప్రతి మాటా అర్థమైంది. నారాయణస్వామిగారు వినయంగా తల వంచుకున్నారు, మా వైపు చూడలేదు.

ఎల్లప్ప అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“ఇనుము లేదని ఆ పొద్దే ఒక మాట చెప్పుంటే పోయుండేది గదప్పా. వాయల్పాట్లో మా బావ పెనం ఊరికే పడుండాది. బండిలో ఏసుకోనొచ్చుందును. సర్కారు ఇనుము వస్తాది, వస్తాది అని గోడలు కట్టుకుంటా కూసుంటి. చెరుకంతా పాయ.”

నాకు చచ్చేంత సిగ్గేసింది. దసరా జాబు సంగతి నాకు తెలియదు, నిజమే. కానీ ఐదుసార్లు అర్జీ రాసినవాణ్ణి, అసలు ఇనుము ఉందా అని ఒక్కసారీ అడగలేదు. క్షమించమని తెలుగులో అడగడానికి నోరు రాలేదు.

“సారీ ఎల్లప్పా” అన్నాను.

ఎల్లప్ప నా మొహంలోకి చూశాడు.

“ఈ సారీని యాడ పెట్టాలప్పా?” అన్నాడు. “పెనం పైననా, కిందనా?”