రిటైరైన మొగుడే ఇంటికి శోభ

ఆడవాళ్ళు కోప్పడినా సరే, ఒక సత్యం చెప్పక తప్పదు. రిటైరైన మొగుడు పొద్దస్తమానం ఇంటిపట్టున ఉండటాన్ని మించిన భాగ్యం ఇల్లాలికి మరొకటి లేదు!

ఏం, మొహాలు అలా పెట్టారు? పెళ్ళైన కొత్తలో "ఇవాళైనా పెందరాళే రాకూడదూ" అని బతిమాలింది మీరు కాదూ? ఇప్పుడాయన వచ్చారు. ఇంకెక్కడికీ పోరు. మరి ఆ నిట్టూర్పులెందుకు?

నమ్మకం కుదరకపోతే బుల్లిరాజు గారి సంసారం చూడండి. ఆయనది యానాం. పుదుచ్చేరిలో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా వెలిగి రిటైరయ్యారు. కాపురం ఆ ఊళ్ళోనే ముత్తియాల్‌పేటలో. అద్దె ఇల్లే అయినా భార్య వెంకటరమణమ్మ గారికి అక్కడ ఏ లోటూ లేదు. కొళాయి తిప్పితే నీళ్ళు, గుమ్మంలోకి పూలు, కబుర్లకు ఎదురింటి లోగనాయకి.

రిటైరైన మర్నాడే రాజుగారికి జ్ఞానోదయమైంది. ఈ బైకుల మోతేమిటి, ఈ ఆటోల పొగేమిటి, ఇదీ ఒక బతుకేనా? విశ్రాంత జీవితమంటే పల్లెలోనే! అనుకుని ఏంబలం అనే పల్లెలో పెరడున్న ఇల్లొకటి కొనేశారు. ఆవిణ్ణి అడిగారా అంటారేమో! సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకున్నవాడు ఎవడైనా ముందుగా అడుగుతాడా?

యానాం, ఏంబలం రెండూ ఒకే పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉన్న ఊళ్ళు. కాగితం మీద సొంత ప్రాంతమే. అయినా మధ్యలో ఉన్న దూరానికి, ఇంటి బయట వినబడే అరవానికి, యానాంలోని చుట్టాలు మాత్రం ఆయన ఫారిన్‌లో సెటిలైనట్టే లెక్కేసుకున్నారు. "అక్కడ పులస దొరుకుతుందా, పాపం?" అని ఫోన్లో జాలిపడతారు.

విశ్రాంతిని రాజుగారు ఆఫీసు పనికన్నా సీరియస్‌గా తీసుకున్నారు. ముందు వంటిల్లు ఇన్‌స్పెక్ట్ చేశారు. డబ్బాలు ఒక పద్ధతీ పాడూ లేకుండా ఉన్నాయట! అన్నిటినీ ఇంగ్లీషు అక్షరక్రమంలో సర్దేశారు. ఆనాటి నుంచీ జీలకర్ర కావాలంటే 'సి' దగ్గర వెతుక్కోవాలి. క్యుమిన్ కదా! పోపు మాడిపోతుంటే వెంకటరమణమ్మ గారికి ఆ వయసులో ఇంగ్లీషు పాఠాలు ఉచితంగా దొరికాయి. ఏ మొగుడు చెబుతాడండీ ఇలాగ?

తర్వాత తోటపని. పెరట్లో మునగచెట్టుకు కాయలు వేలాడుతున్నాయి కదా అని కర్రతో కొమ్మను దులిపారు. కాయలు రాలలేదు గానీ గొంగళిపురుగులు రాలాయి. ఆయన నెత్తిన కొన్ని, తీగ మీద ఆరేసిన బట్టల మీద మిగతావన్నీ. ఆయన వారం పాటు గోక్కుంటూ కూర్చున్నారు. బట్టలు మళ్ళీ ఎవరు ఉతికారు, ఒంటికి పసుపు ఎవరు రాశారు అనేవి చిన్న చిన్న విషయాలు. ఫొటో కోసం ఒక నెమలికి వేరుశనక్కాయలు వేశారు. అది మర్నాడు తన బలగాన్నంతా వెంటబెట్టుకొచ్చి ఆవిడ వేసుకున్న తోటకూర మడిని ఊడ్చిపెట్టేసింది. అతిథులొస్తే ఆ మాత్రం ఖర్చుండదా?

ఇక రిపేర్లంటారా, ఎలక్ట్రీషియన్‌ని పిలవడం ఆయనకు నామోషీ. అన్నీ తనే చేస్తారు. "టార్చి పట్టుకో", "నిచ్చెన గట్టిగా పట్టుకో", "ఆ స్క్రూ ఎటు పోయిందో చూడు" అంటూ ఆవిణ్ణి పక్కనే నిలబెట్టుకుంటారు. రిపేరు పూర్తయ్యాక అలసిపోయింది ఆయనే కాబట్టి టీ ఆవిడ పెట్టాలి. ఇంత అన్యోన్యమైన దాంపత్యం మీరెక్కడైనా చూశారా?

ఇంతటి భాగ్యంలో ఉండి కూడా వెంకటరమణమ్మ గారికి ఒక పాడు కోరిక పుట్టింది. లోగనాయకీ, ముత్తియాల్‌పేట ఆడవాళ్ళూ వ్యాను మాట్లాడుకుని రామేశ్వరం, కన్యాకుమారి వెళ్తున్నారు. ఆవిడా వెళ్తుందట! ఈ టూరు ఇదివరకూ అనుకున్నదే. అనుకున్నప్పుడల్లా రాజుగారి మోకాలు పట్టేసేది. ఈసారి ఆవిడ అడగలేదు, వెళ్తున్నానని చెప్పింది.

మోకాలికి టైం దొరకలేదు. రాజుగారు పెద్దమనసు చేసుకుని, "వెళ్ళిరా! ఒక సెక్షన్‌నే నడిపినవాణ్ణి, ఇల్లొక లెక్కా?" అన్నారు.

"మోటారు వేస్తే ఆపడం మర్చిపోకండి. పొద్దున్నే వాకిట్లో ముగ్గు మటుకు ఎవరిచేతనైనా వేయించండి" అని చెప్పి ఆవిడ తెల్లారకముందే వ్యానెక్కేసింది.

ముగ్గా! ఏమైనా ఎసెన్షియల్ సర్వీసా అది? రాజుగారు మోటారు వేసి, పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఎడిటోరియల్ అయ్యేసరికి డాబా మీది ట్యాంకు పొంగి, మెట్ల మీదుగా హాల్లోకి నీళ్ళు దిగాయి. చొక్కా విప్పేసి, నీళ్ళు ఎత్తిపోసి, హాల్లోని ప్లాస్టిక్ కుర్చీలూ బల్లా వాకిట్లోకి చేర్చి, తలా ఒళ్ళూ తడిసి ముద్దై, భుజాన తువ్వాలుతో ఒక కుర్చీలో చతికిలబడి తల పట్టుకున్నారు.

ఎదురింటి వరదరాజన్ అది చూసి పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ తాతముత్తాతలు తెలుగు నేల నుంచి ఎన్ని తరాల కిందట వచ్చారో గానీ, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. పక్క కుర్చీలో కూర్చుని రాజుగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంది సార్, ఇట్లయిపోయె! నిన్న సాయంత్రం గూడ మా ఇంటికొచ్చి కరివేపాకు కోసుకోని పోయెనే! ఎప్పుడాయె సార్?"

"పేపరు చదువుతూ చూసుకోలేదండీ" అన్నారు రాజుగారు నీరసంగా.

వరదరాజన్ తల ఊపాడు. భార్య పోయినా పేపర్లోంచి తలెత్తని మనిషి ఉంటాడంటే అతను ఇట్టే నమ్మేశాడు!

ఈలోగా వీధి వీధంతా వచ్చి కుర్చీల్లో సర్దుకుంది. ఎవరో పూలదండ తెచ్చారు. ముసలి వెళ్ళైయమ్మాళ్ అరుగు మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ అరవంలో శోకాలు మొదలెట్టింది. మంచినీళ్ళడిగితే మజ్జిగిచ్చిన తల్లీ, నా కాలికి కట్టు కట్టిన తల్లీ, ఒక్కనాడు కాలు చాపి కూర్చోనైనా లేదే తల్లీ! రాజుగారికి ఇన్నేళ్ళ ఉద్యోగంలో అరవం బాగానే వంటబట్టింది. ప్రతి మాటా అర్థమైంది.

"అయ్యా, ఎవరూ పోలేదు! ఆవిడ రామేశ్వరం వెళ్ళింది!" అని లేచి అరిచారు.

దండ తెచ్చినాయన దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకున్నాడు. వరదరాజన్‌కు కోపమొచ్చింది.

"మరి వాకిట కోలం, అదే ముగ్గు, లేదే సార్! పొద్దునపూట కోలం పడని ఇల్లంటే చావిల్లు గదా, మీ ఊర్లో గూడ అంతే గదా! కుర్చీలు బయటేసుండారు, తల తడుపుకోని కూర్చోనుండారు. ఇంకేమనుకునేది? ఆయమ్మ ఈ ఊరికొచ్చినకాడ్నించి ఒక పొద్దు గూడ కోలం తప్పిందే లేదు!"

"నేనున్నాను కదండీ ఇంట్లో!"

"మీరుంటే ఇంట్లో మనిషున్నట్టు యాడ తెలస్తాది సార్?" అన్నాడు వరదరాజన్, ఎంతో మర్యాదగా.

అందరూ వెళ్ళిపోయాక రాజుగారు ఫోను తీశారు. భయమేసింది, సిగ్గేసింది, అన్నిటికన్నా ఎక్కువగా ఆకలేసింది.

"ఎక్కడున్నా సరే, వ్యాను దిగి బస్సెక్కి వచ్చేయ్! ముగ్గు లేదని ఊరంతా నువ్వు పోయావనుకున్నారు. దండ కూడా తెచ్చారు, తెలుసా!"

అవతల ఆడవాళ్ళ నవ్వులూ, వ్యాను హారనూ వినబడ్డాయి.

"ఎవరైనా ఏడ్చారా అండీ?"

"వెళ్ళైయమ్మాళ్ గుండెలు బాదుకుంది."

"మీరో?"

"ఇంతకీ ఇంట్లో తినడానికేముంది?" అన్నారు రాజుగారు.

"పోనీలెండి. వాళ్ళనలాగే అనుకోనివ్వండి. పోతేగానీ మా ఆడవాళ్ళకు రిటైర్మెంటు ఇవ్వరు కదండీ! ఎలాగూ ఇచ్చేశారు కాబట్టి, కన్యాకుమారి కూడా చూసుకునే వస్తాను."